పెట్రోలు ధర పెరిగితే ప్రభుత్వం పడిపోతుందా?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. హైదరాబాద్ ఉప్పల్‌లో మీ ఇంట్లో, మీ వీధిలో అందరూ పెట్రోలు, గ్యాస్ ధరల మీద మండిపడుతుంటారు. పోలింగు రోజున మాత్రం ఆ కోపం ఎక్కడా కనిపించదు. అలాంటప్పుడు ఇంధన ధరలు, ఆర్థిక పరిస్థితి నిజంగా ఓటును మారుస్తాయా, రాష్ట్ర ప్రభుత్వం పెట్రోలుపై వ్యాట్ (అమ్మకపు పన్ను) తగ్గిస్తే దానికి ఓట్లు పడతాయా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఇంధన ధర ఒక్కటే ఓటును మార్చడం చాలా అరుదు. మార్చాలంటే మూడు కలిసి రావాలి. ధర పెరిగినంతగా ఇంటి ఆదాయం పెరగకపోవాలి. ఈ భారం ఫలానా వారి వల్లే వచ్చిందని ఓటరు వేలెత్తి చూపగలగాలి. తగ్గిస్తామంటున్న ఎదుటి పార్టీ మాట మీద నమ్మకం కుదరాలి. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా కోపం తిట్ల దగ్గరే ఆగిపోతుంది, ఓటు దాకా రాదు.

నేను చాలా ఏళ్లుగా ఓటర్ల సర్వేల్లో పనిచేస్తున్నాను. ఇళ్లకు వెళ్లి ప్రశ్నలు అడిగే కుర్రాళ్లకు శిక్షణ ఇస్తాను, నేనూ వెళ్తాను. వాళ్లకు మొదటి రోజే ఒక మాట చెబుతాను. "మీ ప్రాంతంలో పెద్ద సమస్య ఏమిటి?" అని అడిగితే వచ్చే "ధరలు" అనే జవాబును అలాగే రాసుకొని రాకండి అని. తలుపు తట్టిన కొత్త మనిషికి తన పార్టీ ఏదో చెప్పడం ఎవరికీ ఇష్టం ఉండదు. ధరల గురించి తిడితే మాత్రం ఏ పార్టీ వాడూ నొచ్చుకోడు. అందుకే అది అందరికీ సులువుగా దొరికే జవాబు. మీ వీధిలో వినిపించే కోపం అబద్ధమని నేను అనడం లేదు. అది నిజమే. కానీ అది ఓటుకు కారణమా కాదా అన్నది వేరే సంగతి.

అందుకే నేను ప్రశ్నను మార్చి అడుగుతాను. "ఈ మూడు నెలల్లో ఇంట్లో ఏ ఖర్చు మానేశారు?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు మనిషి ఒక్క నిమిషం ఆగుతాడు. బోరబండలో ఒక ఇంట్లో ఒకామె, "చిట్టీ ఆపేశామన్నా" అంది. ఆమె నాలుగు ఇళ్లలో పని చేస్తుంది, భర్తకు ఆటో ఉంది. గ్యాస్, పాలు, పిల్లవాడి స్కూలు వ్యాను కలిసి నెల చివర ఏమీ మిగలనివ్వడం లేదు. కూతురి పెళ్లి కోసం వేసుకున్న చిట్టీ అది. సినిమా మానేసిన ఇల్లు, మాంసం తగ్గించిన ఇల్లు పాత గుర్తుకే ఓటు వేయడం నేను చాలాసార్లు చూశాను. చిట్టీ ఆగిన ఇంట్లో, పిల్లల్ని ప్రైవేటు బడి మాన్పించిన ఇంట్లో మాత్రం ఓటు కదులుతుంది. రేపటి కోసం దాచుకునే దాని మీద చెయ్యి పడితే మనిషి ఊరుకోడు.

ఇక పెట్రోలు దగ్గరికి వద్దాం. బంకు దగ్గర కాసేపు నిలబడి చూడండి. ద్విచక్ర వాహనం మీద వచ్చేవాళ్లలో లీటర్ల లెక్కన అడిగేవాళ్లు తక్కువ. "వంద కొట్టండి", "రెండు వందలకు పోయండి" అంటారు. లీటరు 100 అయినా 110 అయినా జేబులోంచి తీసే నోటు అదే. తేడా తెలిసేది రెండు రోజుల తర్వాత, బండి మీద పెట్రోలు చూపే ముల్లు ఒక రోజు ముందే కిందికి దిగినప్పుడు. పైగా 2017 జూన్ 16 నుంచి ధరలు రోజూ మారే పద్ధతి వచ్చింది. ఆ పద్ధతిలో చాలా రోజులు పావలా, ముప్పై పైసల చొప్పున పెరిగింది. 2021 జూన్‌లో హైదరాబాద్‌లో పెట్రోలు వంద దాటినప్పుడు గగ్గోలు పుట్టింది, ఆ తర్వాత 105, 110 దాటినప్పుడు అంత అలజడి లేదు.

గ్యాస్ బండ అలా కాదు. ఒక్కసారిగా వెయ్యికి దగ్గరగా తీసి ఇవ్వాలి. ఇచ్చేది చాలా ఇళ్లలో ఆడవాళ్లు. క్రితంసారి ఎంత ఇచ్చారో వాళ్లకు రూపాయితో సహా గుర్తుంటుంది. అందుకే నా లెక్కలో పెట్రోలు కంటే గ్యాస్, గ్యాస్ కంటే కరెంటు బిల్లు రాజకీయంగా ఎక్కువ ప్రమాదకరం. కరెంటు బిల్లు నెలనెలా కాగితం మీద, మీ పేరుతో, ప్రభుత్వ సంస్థ పేరుతో ఇంటికే వస్తుంది. ఎవరిని అడగాలో అనుమానం ఉండదు.

మన నగరంలోనే దీనికి పెద్ద సాక్ష్యం ఉంది. 2000 ఆగస్టు 28న కరెంటు ఛార్జీల పెంపుకు వ్యతిరేకంగా చలో అసెంబ్లీకి బయలుదేరిన వాళ్లపై బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. ఎన్నికలు జరిగింది 2004లో, అంటే దాదాపు నాలుగేళ్ల తర్వాత. ధరల కోపం సాధారణంగా అన్నేళ్లు నిలవదు. అది నిలవడానికి కారణాలు ఉన్నాయి. మధ్యలో వరుస కరువులు వచ్చాయి, బోర్లు ఎండిపోయాయి, రైతుల ఆత్మహత్యలు జరిగాయి, అంటే ఆదాయం దెబ్బతింది. ఛార్జీలు పెంచింది తెలుగుదేశం ప్రభుత్వమని రాష్ట్రమంతటికీ తెలుసు. కాంగ్రెస్ నేత రాజశేఖర రెడ్డి 2003లో పాదయాత్ర చేసి ఉచిత కరెంటు ఇస్తానన్నారు, జనం నమ్మారు. నేను చెప్పిన మూడూ అక్కడ కలిశాయి. తెలుగుదేశం 47 సీట్లకు పడిపోయింది, 2004 మే 14న కొత్త ముఖ్యమంత్రి తొలి సంతకం ఉచిత కరెంటు దస్త్రం మీదే పెట్టారు. ఆ ఎన్నికల్లో తెలంగాణ అంశం, పొత్తులు కూడా బలంగా పనిచేశాయి. కరెంటు ఒక్కటే ఓడించిందని చెబితే అది అతిశయోక్తి.

ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ. 2021 అక్టోబరు 30న హుజూరాబాద్ ఉప ఎన్నిక జరిగింది. ఆ రోజు హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 113 రూపాయలకు పైన ఉంది. అప్పుడు రాష్ట్రంలో అధికారంలో ఉన్న టీఆర్ఎస్ (తర్వాతి బీఆర్ఎస్) ప్రచారంలో గ్యాస్, పెట్రోలు ధరలు ప్రధాన అస్త్రం. దళిత కుటుంబాలకు ఆర్థిక సాయం చేసే దళిత బంధు పథకాన్ని కూడా అక్కడ ముందుగా అమలు చేశారు. అయినా కేంద్రంలో అధికారంలో ఉన్న బీజేపీ అభ్యర్థి ఈటల రాజేందర్ 23 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. అక్కడి జనానికి ఆ ఎన్నిక ధరల మీద జరగలేదు, అంతకు ముందు ఈటలను టీఆర్ఎస్ ప్రభుత్వం మంత్రివర్గం నుంచి తొలగించిన తీరు మీద జరిగింది. అదే రోజు హిమాచల్‌ప్రదేశ్‌లోనూ ఉప ఎన్నికలు జరిగాయి. అక్కడ మండి లోక్‌సభ స్థానంతో పాటు మూడు అసెంబ్లీ స్థానాల్లోనూ బీజేపీ ఓడిపోయింది. ధరల పెరుగుదలే కారణమని అప్పటి ముఖ్యమంత్రి జైరాం ఠాకూర్ స్వయంగా అన్నారు. అప్పుడు అక్కడ రాష్ట్రంలోనూ కేంద్రంలోనూ ఒకే పార్టీ అధికారంలో ఉండేది కాబట్టి నెపం వేయడానికి మరొకరు లేరు. ఫలితాలు నవంబరు 2న వచ్చాయి. మర్నాడే కేంద్రం పెట్రోలుపై 5, డీజిల్‌పై 10 రూపాయల ఎక్సైజ్ సుంకం తగ్గించింది. నేను ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి మా కుర్రాళ్లకు చూపిస్తుంటాను.

నెపం ఎవరి మీద అనే విషయం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే తెలంగాణలో మొత్తం ఇక్కడే చిక్కుపడింది. 2022 మే నాటికి కేంద్రం పెట్రోలుపై తీసుకునే ఎక్సైజ్ లీటరుకు 19.90 రూపాయలకు తగ్గింది. రాష్ట్రం వేసే వ్యాట్ 35.20 శాతం. 2024 మార్చి తగ్గింపు తర్వాత హైదరాబాద్‌లో ధర 107.41 ఉండేది. లెక్క కడితే అందులో వ్యాటే దాదాపు 28 రూపాయలు. కేంద్రం సుంకం లీటరుకు ఇంత అని స్థిరంగా ఉంటుంది, వ్యాట్ శాతం లెక్కన ఉంటుంది కాబట్టి ముడి చమురు వల్ల బంకు ధర పెరిగిన ప్రతిసారీ రాష్ట్ర రాబడి దానంతట అదే పెరుగుతుంది. కానీ నేను అడిగిన ఇళ్లలో ఈ విభజన తెలిసినవాళ్లు అరుదు. ఒక ఇంట్లో "ఢిల్లీ వాళ్లు పెంచారు" అంటారు, పక్కింట్లో "పక్క రాష్ట్రంలో తక్కువే, మనవాళ్లే ఎక్కువ గుంజుతున్నారు" అంటారు. ఇద్దరూ తాము ముందే ఇష్టపడని పార్టీని చూపిస్తున్నారు. అంటే ధర వాళ్ల అభిప్రాయాన్ని మార్చలేదు, ఉన్న అభిప్రాయానికి ఒక కారణం దొరికింది. మీ ఇంట్లో జరుగుతున్నది కూడా బహుశా ఇదే.

ఎన్నికల ముందు ధరలు కదలకుండా ఆపడం గురించి కూడా చెప్పాలి. 2021 నవంబరు 4 నుంచి 2022 మార్చి 21 దాకా పెట్రోలు ధర కదల్లేదు. మధ్యలో ఉత్తరప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల ఎన్నికలు జరిగాయి, ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది, ముడి చమురు వంద డాలర్లు దాటింది. మార్చి 10న ఫలితాలు వచ్చాయి, 22 నుంచి పెంపు మొదలైంది. 2018 మేలో కర్ణాటక ఎన్నికలప్పుడూ ఇలాగే పోలింగు ముగిశాక పెరిగాయి. ఓటరు అయిదేళ్ల లెక్క తీయడు, చివరి ఆరు నెలలే చూస్తాడని పార్టీలకు తెలుసు. ఇది నాకు నచ్చని విషయం. ధరలు మార్కెట్‌కు వదిలేశామని చెప్పే ప్రభుత్వాలు ఎన్నికల వేళ మాత్రం చమురు సంస్థల చేత నష్టాన్ని మౌనంగా మోయిస్తున్నాయి. ఆ బాకీ తర్వాత తీర్చేది మళ్లీ మనమే.

ధర కంటే కొరత ఎక్కువ కోపం తెప్పిస్తుంది. 2024 జనవరి 2న గుర్తుందా? ప్రమాదం చేసి పారిపోతే కఠిన శిక్ష వేసే కొత్త చట్టంలోని నిబంధన మీద ట్రక్కు డ్రైవర్లు సమ్మె చేస్తే ఒక్క పూటలో నగరంలోని బంకుల ముందు వాహనాలు బారులు తీరాయి. ట్యాంకు నింపుకున్నవాళ్లు సీసాల్లో కూడా పట్టుకుపోయారు. వంద దాటిన రోజు లేని తోపులాట ఆ రోజు చూశాం. శ్రీలంకలో 2022లో అధ్యక్షుడు దేశం వదిలి పారిపోవాల్సి వచ్చింది కేవలం ధర వల్ల కాదు, డబ్బు ఉన్నవాడికి కూడా పెట్రోలు, గ్యాస్ దొరక్కపోవడం వల్ల.

ఇప్పుడు మన 2023 అసెంబ్లీ ఎన్నికలు. చాలామంది అయిదు వందల గ్యాస్ హామీతో కాంగ్రెస్ గెలిచిందని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. అప్పటికి ఆగస్టులో కేంద్రం తగ్గించిన తర్వాత హైదరాబాద్‌లో బండ 955 రూపాయలు. కాంగ్రెస్ 500కు ఇస్తామంది. బీఆర్ఎస్ ఇంకా తగ్గించి 400కే ఇస్తామంది. తక్కువ ధరే ఓటు తెచ్చేదైతే 400 చెప్పిన పార్టీ గెలవాలి. జనం అడిగిన ప్రశ్న వేరు. "ఇన్నేళ్లు అధికారంలో ఉండి ఇప్పుడా?" ఇది నేను చాలా గ్రామాల్లో విన్న మాట. అదే డిసెంబరు 3న రాజస్థాన్ ఫలితాలూ వచ్చాయి. అక్కడ కాంగ్రెస్‌కే చెందిన గహ్లోత్ ప్రభుత్వం ఉజ్వల (పేదలకు కేంద్రం ఇచ్చిన గ్యాస్ కనెక్షన్ల పథకం) లబ్ధిదారులకు, పేద కుటుంబాలకు 500 రూపాయల గ్యాస్ అప్పటికే ఇస్తోంది, అయినా ఓడిపోయింది. ఇస్తానన్న చోట గెలుపు, ఇచ్చిన చోట ఓటమి. అందుకే ధరను విడిగా తీసి చూస్తే ఏమీ అర్థం కాదంటాను.

ఇంకో సంగతి గమనించండి. కాంగ్రెస్ 64 సీట్లతో అధికారంలోకి వచ్చిన ఆ ఎన్నికల్లో హైదరాబాద్ జిల్లాలోని 15 స్థానాల్లో దానికి ఒక్కటీ రాలేదు. మజ్లిస్ 7, బీఆర్ఎస్ 7, బీజేపీ 1. గ్యాస్, పెట్రోలు ధరల్లో నగరానికీ పల్లెకూ పెద్ద తేడా లేదు. ఓటు మాత్రం రెండు దారులు పట్టింది. ఎందుకు?

నగరంలో సొంత ఫ్లాటు ఉన్న కుటుంబానికి పదేళ్లలో దాని విలువ పెరిగింది. కరెంటు పోవడం తగ్గింది, రోడ్లు, వంతెనలు కళ్ల ముందు కనిపిస్తున్నాయి. పెట్రోలుకు నెలకు అయిదారు వందలు ఎక్కువైనా, మొత్తం మీద తమ స్థితి మెరుగైందని వాళ్లు అనుకున్నారు. పల్లెలో అదే డీజిల్ ట్రాక్టరు కిరాయిలోకి, వరికోత యంత్రం గంట కిరాయిలోకి దూరింది. పట్టా ఉన్న రైతుకు ఎకరాకు సీజనుకు 5,000 రైతు బంధు వచ్చేది కాబట్టి కొంత ఊరట. కౌలు రైతుకు ఆ డబ్బు రాదు, కిరాయి మాత్రం అంతే కట్టాలి. కౌలు రైతులకు కూడా ఇస్తామన్న కాంగ్రెస్ హామీ అక్కడ ఎందుకు చెవికెక్కిందో దీన్ని బట్టి తెలుస్తుంది. పాతబస్తీ సంగతి వేరు. అక్కడ పేదరికం ఎక్కువ, ధరల భారం అందరికంటే ఎక్కువగా మోసేది వాళ్లే, కానీ ఓటు వేసేటప్పుడు తమ తరఫున మాట్లాడే గొంతు ఒకటి ఉండాలనే ఆలోచన ధరల కంటే ముందు వస్తుంది. దాన్ని తెలివితక్కువతనం అనుకునేవాళ్లతో నేను ఏకీభవించను.

అన్నిటికంటే పెద్దది ఉద్యోగాలు. 2023లో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాల లీకేజీ, గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దు కావడం హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి గదుల్లో చదువుకుంటున్న కుర్రాళ్లను ఎంతగా కుంగదీశాయో నేను దగ్గరగా చూశాను. ఒక గదిలో నలుగురు, గోడకు అంటించిన టైంటేబుల్, ఇంటి నుంచి నెలనెలా వచ్చే డబ్బు. వాళ్లలో చాలామంది ఓటు హైదరాబాద్‌లో లేదు, ఊళ్లో ఉంది. పోలింగుకు ఊరికి వెళ్లారు, తల్లిదండ్రులకు చెప్పారు. కొడుకు ఉద్యోగం కోసం పొలం మీద అప్పు తెచ్చిన తండ్రి పెట్రోలు ధర గురించి ఆలోచించడు. నగరంలో పుట్టిన అసంతృప్తి నగరంలో కాకుండా పల్లెల్లో సీట్లు మార్చింది. ఆర్థిక పరిస్థితి ఓటును మార్చడమంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఇదే. 2024 లోక్‌సభ ఎన్నికల ముందు పరిశోధన సంస్థ లోక్‌నీతి–సీఎస్‌డీఎస్ దేశవ్యాప్తంగా చేసిన సర్వేలో కూడా ప్రధాన సమస్యగా నిరుద్యోగాన్ని 27 శాతం మంది, ధరల పెరుగుదలను 23 శాతం మంది చెప్పారు.

ఒక హెచ్చరిక. ఆర్థిక ప్రయోజనం అందరికీ ఒకే దిక్కులో పనిచేయదు. 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. నేను పైన చెప్పిన బోరబండ ఇంటికే తర్వాత మళ్లీ వెళ్లాను. ఆమె నాలుగు ఇళ్ల పనికి బస్సులో వెళ్తుంది, ఛార్జీ మిగులుతోంది, చిట్టీ మళ్లీ మొదలుపెట్టాలని చూస్తోంది. భర్త ఆటోకు గిరాకీ పడిపోయింది. ఆటో మీటరు ఛార్జీలు 2014లో నిర్ణయించినవి, మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు. పదేళ్ల ఇంధన ధరల పెంపును మోసుకుంటూ వచ్చిన మనిషి ఆయన, ఆయనను నిజంగా కుదిపింది మాత్రం వెనక ఖాళీ సీటు. ఒకే ఇల్లు, ఒకే వంటగది, భార్యకు ప్రభుత్వం మీద మంచి అభిప్రాయం, భర్తకు మంట. ఈ ఇంటిని ఇంటి యజమాని జవాబుతో లెక్కగట్టే సర్వే ఏదైనా తప్పే చెబుతుంది. అందుకే మా వాళ్లకు ఒక్కో ఇంట్లో ఆడవాళ్లను విడిగా అడగమని గట్టిగా చెబుతాను.

చివరిగా మీ రెండో ప్రశ్న, వ్యాట్ తగ్గిస్తే ఓట్లు పడతాయా అని. లీటరుకు రెండు మూడు రూపాయలు తగ్గిస్తే పడవు. 2024 మార్చిలో, లోక్‌సభ ఎన్నికల ముందు, ధర రెండు రూపాయల చొప్పున తగ్గింది. ఆ తర్వాత నేను తిరిగిన కాలనీల్లో ఆ తగ్గింపును తమంతట తాముగా ప్రస్తావించినవాళ్లు దాదాపు లేరు. రెండు వందలకు పోయించుకునేవాడికి రెండు రూపాయల తగ్గింపు ముల్లు మీద కనిపించదు. పది రూపాయలు ఒక్కసారిగా తగ్గిస్తే పేపర్లో పెద్ద అక్షరాలతో వస్తుంది, కొన్ని నెలలు గుర్తుంటుంది, కానీ ఖజానాకు పడే గండిని పూడ్చడానికి ఏ పథకం డబ్బు ఆపుతారో, ఎవరి బకాయి వాయిదా వేస్తారో చూడాలి. పింఛను ఒక నెల ఆలస్యమైతే ఆ ముసలమ్మ దాన్ని పెట్రోలు ధర కంటే చాలా ఎక్కువ కాలం గుర్తుంచుకుంటుంది. రాష్ట్రం నిజంగా డీజిల్ భారం తగ్గించాలనుకుంటే ఆర్టీసీకి, సరుకు రవాణాకు, ఆటోలకు ప్రత్యేకంగా ఊరట ఇవ్వడం మేలని నా అభిప్రాయం. కూరగాయల ధర, స్కూలు వ్యాను ఫీజు కదిలేది అక్కడి నుంచే. దానికి ఓట్లు పడతాయో లేదో గానీ, చిట్టీ ఆపుకున్న ఇళ్లకు మాత్రం ఉపయోగపడుతుంది.